ఊహకు లెక్క రాదా?

భావకవిత్వం పాఠం చెప్పేటప్పుడు బడుల్లో ఒక గీత గీస్తారు. గీతకు ఇవతల బుద్ధి, తర్కం, శాస్త్రం, లెక్క. అవతల హృదయం, ఊహ, కల, పాట. భావకవులు అవతలి వాళ్ళనీ, వాళ్ళు తర్కాన్ని కాదని ఊహను పట్టుకున్నారనీ చెప్పి పాఠం ముగిస్తారు. పరీక్షలో జవాబు రాయడానికి ఆ గీత సరిపోతుంది.

అయితే ఆ గీత కవిత్వం దగ్గర ఆగదు, మనుషుల మీదికి కూడా వస్తుంది. తండా పిల్ల బాగా పాడితే "వీళ్ళకు పాట పుట్టుకతోనే వస్తుంది" అంటారు. అదే పిల్ల లెక్క తప్పితే "వీళ్ళకు లెక్కలు ఎక్కవులే" అంటారు. వార్షికోత్సవంలో అద్దాల లంగా కట్టించి ముందు వరుసలో నిలబెడతారు. సైన్సు ప్రదర్శన నాడు ఆ పిల్ల ఎక్కడుందో ఎవరూ వెతకరు. ఊహ, పాట, ఆట గిరిజనులవి. బుద్ధి, లెక్క, శాస్త్రం మిగతావాళ్ళవి. సాహిత్యంలో గీసిన గీతకూ సమాజంలో గీసిన ఈ గీతకూ చుట్టరికం ఉంది. అందుకే ఆ కవులు నిజంగా అలాంటి గీత గీశారా అని వెతకడం తండాల నుంచీ ఎరుకల వాడల నుంచీ చదువుకుని వచ్చిన మాకు అవసరమైంది.

మా మాట ముందే చెబుతాం. మంచి భావకవిత్వం తర్కాన్ని వదిలిపెట్టలేదు. వదిలిపెట్టిన చోట కవిత్వమే దెబ్బతింది. ఆ దెబ్బ ఎక్కువగా మనలాంటి వాళ్ళ మీద పడింది.

ఒక రోజంతా కదలని మనుషులు

తెలుగు భావకవిత్వానికి ప్రేరణ ఇచ్చిన వాటిలో ఇంగ్లీషు కాల్పనిక కవిత్వం ఒకటి. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి 'లిరికల్ బాలడ్స్' తెచ్చింది 1798లో. రెండేళ్ళ తర్వాత మలి ముద్రణకు వర్డ్స్‌వర్త్ పెద్ద పీఠిక రాశాడు. కవిత్వమంటే బలమైన అనుభూతి పొంగి రావడమని అందులో ఆయన అన్నది మన పాఠాల్లో అందరికీ తెలుసు. ఆ మాటను ఆనుకునే ఇంకో మాట ఉంది. లోతుగా, చాలాకాలం ఆలోచించిన మనిషికే అలాంటి కవిత్వం దక్కుతుందని ఆయనే చెప్పాడు. మొదటి మాట బడికి వచ్చింది, రెండోది దారిలో జారిపోయింది.

కాల్పనిక కవులకు శాస్త్రం మీద కోపం లేదని మేము అనడం లేదు. 1817 డిసెంబరులో హేడన్ అనే చిత్రకారుడి ఇంట్లో విందు జరిగింది. ఇంద్రధనుస్సును రంగుల లెక్కగా మార్చి న్యూటన్ దాని అందం చెడగొట్టాడని చార్లెస్ లాంబ్, కీట్స్ అక్కడ ఒక్కటై ఎగతాళి చేశారు. కీట్స్ ఆ మాటనే 1820లో అచ్చయిన 'లేమియా' కావ్యంలోకి తెచ్చాడు. అదే ఏడాది షెల్లీ మేఘం మీద రాసిన పద్యం అచ్చయింది. అందులో మేఘమే మాట్లాడుతుంది. నీరు ఆవిరై పైకి వెళ్ళడం, వానై దిగడం, మళ్ళీ పుట్టడం అన్నీ చెబుతుంది. నీటి చక్రం తెలియని వాడు రాయగలిగిన పద్యం కాదది. ఊహ లేనివాడు రాయగలిగిందీ కాదు.

విలియం బ్లేక్ కూడా అంతే. పొగగొట్టాలు ఊడ్చే పసిపిల్లల మీద ఒకే పేరుతో రెండు పద్యాలు రాశాడు. ఒకటి 1789 నాటి పుస్తకంలోది, రెండోది 1794 నాటిది. మొదటి దాంట్లో పిల్లవాడికి కల వస్తుంది. ఆ కలలో పిల్లలంతా మసి కడుక్కుని స్వేచ్ఛగా ఆడుకుంటారు. రెండో దాంట్లో పిల్లవాడు తనను ఆ పనిలో పెట్టిన వాళ్ళ లెక్క తీస్తాడు. కలా లెక్కా ఒకే కవి చేతి నుంచి వచ్చాయి.

ఇప్పుడు మనకు దగ్గర సంగతి. వర్డ్స్‌వర్త్ 1807లో జిప్సీల మీద ఒక పద్యం ప్రచురించాడు. దారి పక్కన జిప్సీల గుంపు దిగి ఉంది. కవి వాళ్ళను దాటి వెళ్ళి, పన్నెండు గంటల తర్వాత తిరిగి వచ్చాడు. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. సూర్యుడూ చంద్రుడూ తమ పని తాము చేసుకుపోతుంటే వీళ్ళు మాత్రం కదలకుండా కూర్చున్నారని ఆయనకు చిరాకు వచ్చింది. ఊళ్ళు తిరిగే జాతుల నుంచి వచ్చిన మనకు ఈ చిరాకు కొత్త కాదు. తిరిగితే దొంగలు, కూర్చుంటే సోమరులు.

ఆ రోజుల్లోనే హాజ్లిట్ అనే విమర్శకుడు దీన్ని పట్టుకున్నాడు. సోమరితనం గురించి చెప్పడానికి వర్డ్స్‌వర్త్‌కు ఉన్న అర్హత ఏమిటని నిలదీశాడు. కీట్స్ 1817లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఇంకా లోతైన మాట అన్నాడు. ఆ క్షణంలో వర్డ్స్‌వర్త్ ఇంకొంచెం లోతుగా ఆలోచించి ఉంటే అసలు ఆ పద్యమే రాసేవాడు కాదన్నాడు. ఈ మాట అన్నది ఎవరు? ఇంద్రధనుస్సు విషయంలో న్యూటన్ మీద విసుక్కున్న కీట్స్. కవిత్వంలో ఊహ చెడిపోయినప్పుడు ఆయన అడిగింది ఇంకాస్త ఊహను కాదు, ఇంకాస్త ఆలోచనను.

తోకచుక్క నుంచి ఎంకి దాకా

తెలుగులో ఈ కథ గురజాడతో మొదలుపెట్టాలి. 'ముత్యాల సరాలు' 1910లో వచ్చింది. ఆ ఏడాదే హేలీ తోకచుక్క కనిపించింది. తోకచుక్క పుడితే అరిష్టమని జనం భయపడే కాలం. గురజాడ తన గేయంలో ఆ తోకచుక్కను భూమికి దూరపు చుట్టంగా, సంఘ సంస్కరణకు ఎత్తిన జెండాగా ఊహించాడు. తోకచుక్క దాని దారిన అది తిరిగి వచ్చే వస్తువని తెలిసిన మనసుకే అంత ధైర్యంగా ఊహించడం కుదిరింది. శాస్త్రం భయాన్ని తీసేసింది, భయం పోయిన చోట ఊహ నిలబడింది. ఆధునిక తెలుగు కవిత్వం గడపలోనే ఈ రెండూ చేయి చేయి పట్టుకుని ఉన్నాయి.

1914లో కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' రాశారు. చిత్తూరు దగ్గర పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన ఆయన కవిత్వానికి ప్రాణం భావనాశక్తి అన్నారు. భావనాశక్తిని వెనకేసుకొచ్చిన ఆ పుస్తకం నడక మాత్రం పూర్తిగా తర్కానిది. పాత్ర ఎందుకిలా ప్రవర్తించింది, కథ అతికిందా లేదా అని కళాపూర్ణోదయాన్ని అడుగడుగునా ప్రశ్నిస్తుంది.

1925లో దేవులపల్లి కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం', నండూరి సుబ్బారావు 'ఎంకిపాటలు' వచ్చాయి. కృష్ణశాస్త్రిని ఏడుపు కవి అని ఎక్కిరించిన వాళ్ళున్నారు. ఆయన మీద బ్రహ్మసమాజం ప్రభావం ఉందనీ, సంఘ సంస్కరణలో తిరిగిన మనిషనీ మరచిపోకూడదు. మనసుకు నచ్చిన వాళ్ళను ప్రేమించే హక్కు కావాలనడం కల మాత్రమే కాదు. కులాన్నీ ఆచారాన్నీ "ఎందుకు?" అని అడిగే బుద్ధి కూడా అందులో ఉంది.

'ఎంకిపాటలు' పల్లె పలుకును పుస్తకంలోకి తెచ్చాయి. ఆ మేలు చిన్నది కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగే మన పిల్లలకు ఆ మేలు విలువ బాగా తెలుసు. 1928లో అక్కిరాజు ఉమాకాంతం 'నేటికాలపు కవిత్వం' రాసి, అలంకారశాస్త్రం కొలతలతో భావకవిత్వాన్ని దుయ్యబట్టారు. పాత నాయికల స్థాయి ఎంకికి లేదన్నది ఆయన ధోరణి. ఇక్కడ తర్కం పేరుతో నడిచింది నిజానికి అంతస్తుల పట్టిక. తర్కం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఎంకి ప్రేమ మన కళ్ళకు కట్టినంతగా ఎంకి కూలి, ఎంకి అప్పు కళ్ళకు కడుతున్నాయా? ఆ ప్రశ్నను శాస్త్ర పండితుడూ అడగలేదు, భావకవీ అడగలేదు. తర్వాత శ్రీశ్రీ తరం అడిగింది. ఆ తరం ఊహను పారేసిందనుకోవడం కూడా పొరపాటే. శ్రీశ్రీ కవిత్వంలో ఎగిసిపడే ఊహ ఏ భావకవికీ తీసిపోదు. ఆ ఊహ చూసే దిక్కు మారింది.

మన సీమలో ముగ్గురు

కొత్తచెరువు నుంచి ఒకవైపు కదిరి, ఇంకోవైపు పెనుకొండ దూరం కాదు. ఈ చుట్టుపక్కలే ముగ్గురు కవులు ఉన్నారు. పాఠం చెప్పడానికి వేరే ఊరు పోనక్కరలేదు.

కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. వేమనను మనం తర్కకవి అంటాం. కులాన్ని, విగ్రహాన్ని, దొంగ సన్యాసిని ప్రశ్నించాడు కాబట్టి ఆ మాట నిజమే. అయితే ఆ తర్కం నడిచే తీరు చూడండి. ముందు ఒక మాట, దాని పక్కన ఒక పోలిక. ఉప్పు, కర్పూరం, కుక్క, గంధం, నీళ్ళు, ఇనుము. వాదన చెవికి ఎక్కకముందే కంటికీ నాలుకకూ తగులుతుంది. పోలికలు తీసేస్తే వేమన దగ్గర నీతులే మిగులుతాయి. నీతులు అందరూ చెప్పారు. ఇన్ని వందల ఏళ్ళు జనం నోట నిలిచింది వేమన.

పెనుకొండలో పెరిగినవారు పుట్టపర్తి నారాయణాచార్యులు. 1914లో అనంతపురం దగ్గర చియ్యేడులో పుట్టారు. 'పెనుగొండ లక్ష్మి' కావ్యాన్ని పసితనం వీడని వయసులోనే రాశారు. తాను విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తన కావ్యమే పాఠ్యపుస్తకంగా ఎదురైందని ఆయన గురించి చెప్పుకుంటారు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు పెనుకొండ రాజధాని అయింది. ఆ వైభవం పోయి శిథిలాలు మిగిలాయి. రాళ్ళను చూసి పోయిన కాలాన్ని తలుచుకుని కరిగిపోవడం కాల్పనిక కవుల గుణం. ఆ చిన్న వయసులో అంత పెద్ద దుఃఖాన్ని మోసిన గొంతును మేము గౌరవిస్తాం. గౌరవిస్తూనే ఒక ప్రశ్న పక్కన పెడతాం. కోట కూలినందుకు కవి ఏడ్చాడు సరే, ఆ కోటకు రాయి మోసిన వాళ్ళు కోట నిలిచి ఉన్నప్పుడు ఎలా బతికారు? ఈ ప్రశ్న వేస్తే కావ్యం అందం తగ్గదు. చదివే మనిషి పెద్దవాడవుతాడు.

మూడో ఆయన తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం. ఆయన 'పెన్నేటి పాట'లో రంగడు, గంగమ్మ అనే ఇద్దరి బతుకు చెప్పాడు. నది పేరు మీద కావ్యమంటే పాఠకుడు ఇసుక తిన్నెలు, వెన్నెల, పడవ వస్తాయనుకుంటాడు. ఇక్కడ నదిలో నీళ్ళు లేవు. దేశంలోనే వాన అతి తక్కువగా పడే సీమల్లో మనదొకటి. ఆ ఎండిన నదికి గొంతు ఇవ్వడానికి ఊహ కావాలి. ఎందుకు ఎండిందో, ఎండితే ఎవరి పొయ్యి ఆరుతుందో చెప్పడానికి లెక్క కావాలి. విశ్వం దగ్గర రెండూ ఉన్నాయి. మన సీమ పిల్లలకు భావకవిత్వం చెప్పే టీచర్లు కృష్ణశాస్త్రి పక్కన 'పెన్నేటి పాట' పెట్టి చెప్పాలని మా కోరిక.

రెండు అద్దాల్లో మనం

ఇప్పుడు మనల్ని ఇతరులు ఎలా చూశారో చూద్దాం. ఒక అద్దం తర్కానిది. బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులని పట్టికల్లో రాశారు, హాజరు వేయించారు, సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ దేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మనుషుల తలలూ ముక్కులూ కొలవడాన్ని ఆయన శాస్త్రం అనుకున్నాడు. కొలత ఉంది, పట్టిక ఉంది, చట్టం ఉంది. ఎదుటివాడికీ ఒక ఇల్లు, ఒక తల్లి, ఒక భయం ఉంటాయని ఊహించే శక్తి మాత్రం లేదు. ఊహ లేని తర్కం పసిబిడ్డను కూడా దొంగ అని రాయగలదు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. పోలీసు చూపులో అది పూర్తిగా రద్దయిందా అన్నది మీ ఊళ్ళో మీరే చూసుకోండి.

రెండో అద్దం ఊహది. 1943లో ఒకసారి, 1958లో ఇంకోసారి 'చెంచులక్ష్మి' సినిమాలు వచ్చాయి. అడవి, పాట, అమాయకమైన పిల్ల, ఆమెను వలచి వచ్చిన దేవుడు. చూడడానికి బాగుంటుంది. నల్లమలలో చెంచులు తేనె ఎలా తీస్తారో, అటవీ ఉద్యోగి ఎదురైతే ఏమవుతుందో ఆ అద్దంలో కనిపించదు. లంబాడీ నాట్యం అని పేరు పెట్టి సినిమాల్లో, సభల్లో ఆడించే ఆటా అంతే. అద్దాల రవిక మెరుస్తుంది, కుట్టిన చేతుల పేరు ఉండదు. మొదటి అద్దం మనల్ని భయపడవలసిన వాళ్ళుగా చూపింది, రెండోది ముద్దుచేయవలసిన వాళ్ళుగా చూపింది. ఆలోచించే వాళ్ళుగా రెండూ చూపలేదు.

మన పాటలోని లెక్క

తీజ్ పండుగనే తీసుకోండి. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, పాటలతో పెంచుతారు. బయటివాళ్ళకు అది రంగుల పండుగ. దగ్గర నుంచి చూస్తే విత్తనం మొలిచే తీరు, ఎన్ని నీళ్ళు పోయాలో, ఎన్నాళ్ళకు ఎంత ఎత్తు వస్తుందో అన్నీ ఆ పిల్లల చేతికి తెలుస్తాయి. పాటే వాళ్ళ నోటు పుస్తకం. లిపి లేని గోర్ బోలిలో జ్ఞాపకం, చరిత్ర, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసిన దారుల లెక్క అన్నీ పాటలోనే దాచుకున్నాం. సేవాలాల్ మహారాజ్ 1739లో గుత్తి దగ్గర సేవాగఢ్‌లో పుట్టారని మనం నమ్ముతున్నది కూడా ఆ జ్ఞాపకం బలంతోనే.

ఇంతవరకూ చెప్పి ఆగితే మేమూ మన గతానికి పూత పూసిన వాళ్ళమవుతాం. పెళ్ళికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు పాడే ఢావ్లో విని కంటతడి పెట్టని వాళ్ళుండరు. తల్లినీ తోబుట్టువులనూ పట్టుకుని ఆ పిల్ల ఏడుపునే పాటగా కడుతుంది. అనుభూతి పొంగి రావడమంటే ఏమిటో తెలుసుకోవడానికి మనం ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. కానీ ఆ పాట విని కరిగిపోతున్నప్పుడే ఇంకో ప్రశ్న అడగాలి. ఆ పెళ్ళికూతురి వయసెంత? బడి మానేసి ఎన్నాళ్ళయింది? వయసు అడగకుండా పాటను మాత్రమే మెచ్చుకుంటే, జిప్సీలను దారి మీద నుంచి చూసిపోయిన కవికీ మనకూ తేడా లేదు. పరాయివాళ్ళ కవిత్వానికి పెట్టిన కొలత మన పాటకూ పెట్టాలి.

మన కాలంలో ఢావ్లో పేరుతోనే రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం తెచ్చారు. దానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అంతకు ముందే 'బల్దేర్ బండి' కవితలు అచ్చువేశారు. ఏడుపు పాట పేరును కథల పుస్తకానికి పెట్టడంలోనే తండా ఇక చూడబడే వస్తువు కాదు, చూసే కన్ను అన్న సంగతి ఉంది.

చెరువు చెప్పే పాఠం

మన ఊరి పేరులోనే చెరువు ఉంది. ఎండిన నేల మీద చెరువు కట్టాలంటే ముందు ఎవరో ఒకరు అక్కడ లేని నీటిని చూడాలి. అది ఊహ. ఆ తర్వాత వాలు ఎటు, కట్ట ఎంత ఎత్తు, తూము ఎక్కడ, మరవ ఎక్కడ అని తేల్చాలి. అది లెక్క. ఊహ లేకపోతే చెరువు మొదలే కాదు. లెక్క లేకపోతే మొదటి పెద్ద వానకే కట్ట తెగుతుంది.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు గురించి చెక్కించినది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో వరుసగా ఉన్నాయి. కట్టలో నీరు ఊరడం, చవిటి నేల, నీరు తక్కువై పారే నేల ఎక్కువ కావడం వంటివి దోషాలు. ఇంత సాంకేతిక విషయాన్ని వాళ్ళు రాసింది సంస్కృత శ్లోకాల్లో. ఒకే రాయి మీద ఇంజనీరూ కవీ ఉన్నారు. వాళ్ళకు ఆ గీత తెలియదు.

అదే రాయి ఇంకో సంగతీ చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. రాజు పేరు ఉంది, కూలీలకు అంకె ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరు ఊహించి కథ రాయడం ఇప్పుడు మన పని.

టీచర్లకు మా మనవి ఒకటే. ప్రకృతి మీదో పల్లె మీదో గిరిజనుల మీదో ఉన్న ఏ పద్యం చెప్పినా మూడు ప్రశ్నలు అడిగించండి. కవి ఎక్కడ నిలబడి చూస్తున్నాడు? ఎంతసేపు చూశాడు? అతను చూసిన మనిషికి నోరిస్తే ఏం బదులు చెబుతుంది? వర్డ్స్‌వర్త్ పద్యం కథగా చెప్పి, ఆ జిప్సీ గుంపులోని ఒక ఆడపిల్ల తరఫున జవాబు రాయమనండి. ఆ పన్నెండు గంటలూ వాళ్ళు ఏం చేశారో మన పిల్లలకు బాగా తెలుసు. పొయ్యి, బిడ్డ, జ్వరం, కుంటిన ఎద్దు, రేపటి దారి గురించి తగాదా.

యువకులకు ఇంకో పని. ఇంట్లో ఉపాధి హామీ పనికి పోయి చెరువు పూడిక తీసిన యాడి ఉంటే, ఆమె ఒక రోజు పని మీద ఒక పద్యం రాయండి. తీసిన గుంత పొడవు, వెడల్పు, లోతు అందులో ఉండాలి. ఎంత మట్టి, ఎంత కూలి పడింది అన్నదీ ఉండాలి. ఆమె ఎండలో ఏం తలుచుకుందో కూడా ఉండాలి. రాసింది బడికి తీసుకుపోండి. కొలత తప్పితే లెక్కల సారు దిద్దుతారు, మాట తప్పితే తెలుగు టీచరు దిద్దుతారు. ఇద్దరి ఎర్రసిరా ఒకే కాగితం మీద పడాలి.